నర్సు అనస్థీషియా విద్య: అడ్డదారి వాదానికి ఖండన

అమెరికాలో శస్త్రచికిత్సకు ముందు రోగికి మత్తు ఇచ్చి, ఆపరేషన్ ముగిసేదాకా ఊపిరికీ రక్తపోటుకూ కాపలా ఉండి, తిరిగి స్పృహలోకి తెచ్చే బాధ్యతను ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు శతాబ్దానికి పైగా నిర్వహిస్తున్నారు. వీరిని సర్టిఫైడ్ రిజిస్టర్డ్ నర్స్ అనస్థెటిస్టులు అని, పొడి అక్షరాలలో సీఆర్ఎన్ఏలు అని వ్యవహరిస్తారు. ఈ వృత్తికి దారితీసే డాక్టరేట్ స్థాయి చదువును గురించి అక్కడి తెలుగు కుటుంబాలలోనూ, అక్కడికి వెళ్లాలని ఆశపడే నర్సింగ్ విద్యార్థులలోనూ, కొంతమేరకు వైద్యులలోనూ ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. మెడిసిన్ సీటు రానివారు డాక్టర్ల స్థాయి జీతం అందుకోవడానికి పట్టే అడ్డదారి అది అని, ప్రవేశానికి అడిగే ఐసీయూ అనుభవం ఎలాగోలా గడిపేయవలసిన లాంఛనమని, మూడేళ్లు ఓపిక పడితే ఏటా రెండు లక్షల డాలర్లకు పైబడిన సంపాదన చేతికి వస్తుందని, మొత్తం మీద ఇది డాక్టరు చేయవలసిన పనిని తక్కువ చదువుతో నర్సుకు అప్పగించిన సర్దుబాటు మాత్రమేనని ఆ అభిప్రాయ సారాంశం.

ఈ పూర్వపక్షంలో చరిత్రకు సంబంధించినది ఒకటి, ప్రవేశానికి సంబంధించినది ఒకటి, శిక్షణకు సంబంధించినది ఒకటి, డబ్బుకు సంబంధించినది ఒకటి, మొత్తం నాలుగు ప్రతిపాదనలు ఇమిడి ఉన్నాయి. విడివిడిగా పరిశీలిస్తే వీటిలో మొదటిది చరిత్రకు విరుద్ధమని, తక్కిన మూడూ అర్ధసత్యాలని తేలుతుంది. అర్ధసత్యాన్ని నమ్మి ఈ చదువులో అడుగుపెట్టినవారు నష్టపోతారు. వారి చేతికి చిక్కిన రోగి అంతకంటే ఎక్కువగా నష్టపోతాడు. అందువల్ల దీన్ని ఖండించడం వృత్తి ప్రతిష్ఠకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

మొదట చరిత్ర. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో విలియం మోర్టన్ ఈథర్ ప్రయోగాన్ని బహిరంగంగా చూపిన తర్వాత దశాబ్దాల పాటు మత్తు ఇవ్వడమనేది ఎవరికీ సొంతం కాని పనిగా ఉండిపోయింది. ఆపరేషన్ నేర్చుకోవాలన్న ఆసక్తితో వచ్చిన జూనియర్ డాక్టరు చేతికో, వైద్య విద్యార్థి చేతికో ఈథర్ సీసా ఇచ్చేవారు. అతని చూపు సహజంగానే రోగి ముఖం మీద కాక సర్జను కత్తి మీద ఉండేది. ఈ పరధ్యానం ప్రాణాంతకమని గుర్తించిన సర్జన్లు, రోగి మీదనే దృష్టి నిలపగలవారి కోసం వెతికి నర్సులను ఎంచుకున్నారు. పెన్సిల్వేనియా రాష్ట్రం ఈరీ పట్టణంలోని సెయింట్ విన్సెంట్ ఆసుపత్రిలో 1877లో సిస్టర్ మేరీ బెర్నార్డ్ ఈ పనిని చేపట్టినట్లు నమోదై ఉంది. మిన్నెసోటాలోని రోచెస్టర్‌లో మేయో సోదరుల వద్ద పనిచేసిన ఆలిస్ మగా, ముఖానికి పెట్టిన గాజుగుడ్డ ముసుగు మీద ఈథర్‌ను చుక్కచుక్కగా వదులుతూ, రోగితో మెల్లగా మాట్లాడుతూ, అవసరమైనంత మేరకే మత్తు ఇచ్చే పద్ధతిని సాధన చేసి, మత్తు కారణంగా ఒక్క మరణమూ సంభవించని 14,000కు పైగా కేసుల వివరాలను 1906లో వైద్య పత్రికలో ప్రకటించింది.

తర్వాతి అధ్యాయం క్లీవ్‌లాండ్‌లో సాగింది. సర్జన్ జార్జ్ క్రైల్ ఎంచుకుని తీర్చిదిద్దిన అగాథా హాడ్జిన్స్, 1915లో లేక్‌సైడ్ ఆసుపత్రిలో మత్తు శిక్షణ పాఠశాలను నెలకొల్పడంలో ప్రధాన పాత్ర వహించి, 1931లో నర్సు అనస్థెటిస్టుల జాతీయ సంఘాన్ని స్థాపించింది. నర్సులు మత్తు ఇవ్వడాన్ని వైద్య సంఘాలు న్యాయస్థానాలలో సవాలు చేయకపోలేదు. 1917లో కెంటకీ న్యాయస్థానం, 1936లో డాగ్మార్ నెల్సన్ అనే నర్సు మీద వచ్చిన వ్యాజ్యంలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, సర్జను ఆధ్వర్యంలో నర్సు మత్తు ఇవ్వడం అనుమతి లేని వైద్యవృత్తి కిందికి రాదని తీర్పు చెప్పాయి. ఈ పరంపరను గమనిస్తే, డాక్టర్లు ఖాళీ చేసిన కుర్చీలో నర్సులు కూర్చున్నారన్న మాట తలకిందులైనదని స్పష్టమవుతుంది. అమెరికాలో అనస్థీషియా ఒక ప్రత్యేక వైద్యశాఖగా బలపడక మునుపే నర్సులు ఆ పనిని ఒక విద్యగా మలిచారు.

మత్తులో కీలకమైనది మందు ఇవ్వడం కాదు, ఇచ్చిన తర్వాత కనిపెట్టుకుని ఉండడం అన్న అవగాహనకు హైదరాబాదు చరిత్రలోనూ సాక్ష్యం ఉంది. నిజాం ప్రభుత్వ ఆదరణతో ఎడ్వర్డ్ లారీ 1888లోనూ 1889లోనూ నడిపిన క్లోరోఫాం కమిషన్లు, నాడి కంటే ఊపిరినే ఎడతెగకుండా గమనిస్తే క్లోరోఫాం ప్రమాదకరం కాదని వాదించాయి. క్లోరోఫాం నేరుగా గుండెను ఆపగలదని తర్వాతి పరిశోధనలు నిరూపించడంతో ఆ నిర్ణయం వీగిపోయింది గాని, దాని నుంచి రెండు పాఠాలు మిగిలాయి. మత్తు ఇచ్చేవారు రోగిని విడువకుండా గమనించాలన్నది ఒకటి. ఒక్క సూచికను నమ్ముకుని మిగతావాటిని వదిలేస్తే ప్రాణం పోతుందన్నది రెండవది. నర్సు అనస్థీషియా ప్రవేశ నియమాల వెనుక ఉన్న తర్కం ఈ రెండు పాఠాలతోనే అర్థమవుతుంది.

ఇక ప్రవేశం. ఈ ప్రోగ్రాములకు గుర్తింపు ఇచ్చే కౌన్సిల్ నిబంధనల ప్రకారం అభ్యర్థికి డిగ్రీ, అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు లైసెన్సుతో పాటు క్రిటికల్ కేర్ విభాగంలో, అంటే ఐసీయూ వంటి చోట, కనీసం ఒక ఏడాది పూర్తికాల అనుభవం ఉండాలి. ఆచరణలో చాలామంది రెండు మూడేళ్లు పనిచేసిన తర్వాతే దరఖాస్తు చేస్తారు. ఐసీయూ నర్సుల ప్రావీణ్యానికి ఇచ్చే సీసీఆర్ఎన్ సర్టిఫికెట్టును అనేక కళాశాలలు కోరుతాయి. రసాయన శాస్త్రం, శరీరధర్మశాస్త్రం వంటి సబ్జెక్టులలో మార్కులను నిశితంగా చూస్తాయి. ఆపరేషన్ థియేటర్‌లో ఒక సీఆర్ఎన్ఏ వెంట ఉండి పని గమనించిన అనుభవం ఉందా అని అడుగుతాయి. ఇంటర్వ్యూలో వెంటిలేటర్ గురించి, రక్తపోటు పెంచే మందుల గురించి తరచి తరచి ప్రశ్నిస్తాయి.

లాంఛనమని కొట్టిపారేసే ఆ ఐసీయూ ఏడాదిలో జరిగేదేమిటో దగ్గరగా చూడాలి. ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్ పాకి రక్తపోటు పడిపోయిన రోగి మంచం పక్కన రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు, మణికట్టు ధమనిలో పెట్టిన గొట్టం ద్వారా తెరపై కదిలే రక్తపోటు గీతను చూస్తూ, సగటు రక్తపోటు 65కు దిగువకు జారకుండా నార్‌ఎపినెఫ్రిన్ మోతాదును కొద్దికొద్దిగా పెంచుతుంది, తగ్గిస్తుంది. గీత ఒక్కసారిగా చదునైతే అది రోగి గుండెలో వచ్చిన మార్పా, గొట్టం మడతపడిందా అన్నది క్షణాలలో తేల్చుకోవాలి. మూత్రం తగ్గిందంటే మూత్రపిండాలకు రక్తం అందడం లేదేమోనని అనుమానించాలి. వెంటిలేటర్ అలారం మోగితే కఫం అడ్డుపడిందా, ఊపిరితిత్తి కుంచించుకుపోయిందా, రోగి యంత్రంతో పోరాడుతున్నాడా అని వేరుచేసి చూడాలి. అర్ధరాత్రి డాక్టరుకు ఫోను చేసే ముందే ఏమి జరుగుతున్నదో ఒక అంచనాకు రావాలి. పుస్తకంలో చదివిన శరీరధర్మం ఇక్కడ కళ్లెదుట నడుస్తుంది. స్వతంత్రంగా నిర్ణయం తీసుకోగల నర్సుగా అభ్యర్థి ఎదిగి ఉండాలని కౌన్సిల్ ప్రమాణాలు కోరడానికి కారణం ఇదే. ఈ ఏడాదిని క్యాలెండరులో కొట్టేసుకునే పన్నెండు నెలలుగా గడిపిన నర్సుకు దరఖాస్తు నింపే అర్హత రావచ్చు గాని, తర్వాతి చదువు నిలబడడానికి కావలసిన పునాది మాత్రం ఏర్పడదు.

శిక్షణ సంగతికి వస్తే, 2022 జనవరి నుంచి ఈ చదువులో చేరే ప్రతి విద్యార్థీ డాక్టరేట్ ప్రోగ్రాములోనే చేరాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. కోర్సు కాలం కనీసం మూడేళ్లు. ఇవి సెలవులు తక్కువగా ఉండే పూర్తికాలపు ఏళ్లు కావడంతో, చదువుతున్నంత కాలం ఉద్యోగం చేయవద్దని చాలా ప్రోగ్రాములు గట్టిగా చెబుతాయి. విద్యార్థి మీద మోపే భారం సగటున వారానికి 64 గంటలు మించకూడదని కౌన్సిల్ పరిమితి విధించవలసి వచ్చిందంటేనే ఆ భారం ఎంతటిదో ఊహించవచ్చు. పట్టా చేతికి రావడానికి కనీసం 600 కేసులు, 2,000 క్లినికల్ గంటలు పూర్తిచేయాలి. వాటిలో వృద్ధులు, రెండేళ్లలోపు పసివారు, కాన్పు కేసులు, అత్యవసర శస్త్రచికిత్సలు, ఛాతీ లోపలి ఆపరేషన్లు, రక్తనాళాల ఆపరేషన్లు వంటి వర్గాలు ఉంటాయి. ఆ తర్వాత జాతీయ సర్టిఫికేషన్ పరీక్ష రాయాలి. కంప్యూటర్ మీద జరిగే ఈ పరీక్షలో అభ్యర్థి ఇచ్చే జవాబును బట్టి తర్వాతి ప్రశ్న కఠినత మారుతుంది.

అంకెలు చెప్పలేనిది థియేటర్ లోపల కనిపిస్తుంది. తెల్లవారుజామునే వచ్చిన విద్యార్థి మొదట మత్తు యంత్రాన్ని పరీక్షిస్తాడు. ఆక్సిజన్ సరఫరా, గాలి లీకు, సక్షన్ గొట్టం, అత్యవసర మందుల సిరంజిలు, వాటి మీది లేబుళ్లు ఒక్కొక్కటిగా సరిచూస్తాడు. రోగి వచ్చాక ముసుగు పెట్టి కొన్ని నిమిషాలు ఆక్సిజన్ నింపిన తర్వాతే ప్రొపోఫాల్ ఇచ్చి నిద్రపుచ్చి, కండరాలను సడలించే రోకురోనియం ఎక్కిస్తారు. ఆ క్షణం నుంచి రోగి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు. లారింగోస్కోపుతో స్వరతంతువులను చూస్తూ శ్వాసనాళంలోకి గొట్టం దింపాలి. గొట్టం సరిగ్గా దిగిందో, పొరపాటున అన్ననాళంలోకి పోయిందో చెప్పేది ప్రధానంగా క్యాప్నోగ్రాఫ్. రోగి వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడును కొలిచి తెర మీద అలలుగా చూపే పరికరం అది. ఊపిరి ఊపిరికీ అల నిలకడగా కనిపించకపోతే గొట్టం తీసి మళ్లీ మొదలుపెట్టడానికి మిగిలేవి కొద్ది నిమిషాలే. ముందుగా నింపిన ఆక్సిజన్ ఇచ్చిన గడువు అంతవరకే ఉంటుంది. సరిగ్గా అప్పుడే ప్రొపోఫాల్ ప్రభావంతో రక్తపోటు పడిపోతే ఎఫెడ్రిన్ ఇవ్వాలా, ఫినైల్‌ఎఫ్రిన్ ఇవ్వాలా అన్నది గుండె వేగాన్ని చూసి నిర్ణయించాలి. ఐసీయూలో అబ్బిన చూపు ఇక్కడ అక్కరకు వస్తుంది. అక్కడ గంటల మీద జరిగే మార్పు ఇక్కడ క్షణాల మీద జరుగుతుంది. ఇంతటి పనిని చేతులకూ మెదడుకూ ఒకేసారి నేర్పే చదువును సులువైనదనడం, దాన్ని దూరం నుంచి మాత్రమే చూసినవారికే సాధ్యం.

ఇక్కడ ప్రతివాది లేవనెత్తే ఒక గట్టి ఆక్షేపణను దాటవేయకూడదు. అనస్థీషియా వైద్యుడు డిగ్రీ తర్వాత నాలుగేళ్ల మెడికల్ కాలేజీ, ఆపై నాలుగేళ్ల రెసిడెన్సీ పూర్తిచేస్తాడు. అతని క్లినికల్ గంటలు నర్సు విద్యార్థి గంటలకు ఎన్నో రెట్లు ఉంటాయి. ఈ తేడా వాస్తవం, దాన్ని చిన్నది చేసి చూపనవసరం లేదు. వ్యాధి నిర్ణయంలో, అరుదైన జబ్బుల నిర్వహణలో వైద్యుడి శిక్షణ విస్తృతమైనది. అయితే ఇద్దరి శిక్షణా ఒకటి కాదన్న వాస్తవం నుంచి నర్సు శిక్షణ నాసిరకమన్న నిర్ణయానికి దూకడం తర్కదోషం. నర్సు దారిని లెక్కించేటప్పుడు నాలుగేళ్ల నర్సింగ్ డిగ్రీని, ఐసీయూ అనుభవాన్ని, మూడేళ్ల డాక్టరేటును కలిపి చూడాలి. అలా చూస్తే ఎనిమిది నుంచి పదేళ్లు పడుతుంది, ఆ కాలమంతా రోగి మంచానికి దగ్గరగా గడుస్తుంది. ఈ దారికి గమ్యం మొదటి నుంచీ వేరు గనుక, మరొకరి దారితో కొలిచి దీన్ని అడ్డదారి అనడం చెల్లదు.

భద్రతను గురించిన వివాదం కూడా ఇలాంటిదే. 2000లో పెన్సిల్వేనియా మెడికేర్ రోగుల మీద వెలువడిన ఒక అధ్యయనం, అనస్థీషియా వైద్యుడి ప్రత్యక్ష నిర్దేశం లేని కేసులలో మరణాలు ఎక్కువని చెప్పింది. అయితే అది లెక్కించినవి ఆపరేషన్ తర్వాతి 30 రోజుల మరణాలన్నీ కావడంతో, వాటిని మత్తు ఇచ్చినవారి ఖాతాలో వేయడం కష్టం. 2001లో ఫెడరల్ ప్రభుత్వం వైద్యుల పర్యవేక్షణ నిబంధన నుంచి రాష్ట్రాలు తప్పుకోవచ్చని అనుమతించగా అయోవా మొదట ఆ దారి పట్టింది. అలా తప్పుకున్న రాష్ట్రాలను పరిశీలించి 2010లో వెలువడిన మరో అధ్యయనం హాని పెరిగిన దాఖలా లేదంది. అయితే దానికి నిధులు ఇచ్చింది నర్సు అనస్థెటిస్టుల సంఘమేనన్న సంగతిని కూడా మరవకూడదు. అందుబాటులో ఉన్న పరిశోధనలను సమీక్షించిన కోక్రేన్ బృందం 2014లో, ఎవరు మేలన్నది నిశ్చయంగా చెప్పలేమని తేల్చింది. నర్సు చేతి మత్తు ప్రమాదకరమని రుజువైందనేవారికి గాని, తేడా ఏమీ లేదని రుజువైందనేవారికి గాని ఈ తీర్పులో ఆసరా దొరకదు. నిశ్చయం లేని చోట నిశ్చయాన్ని చాటడం రెండు పక్షాలకూ తగనిదే.

నాలుగవది డబ్బు. సీఆర్ఎన్ఏ జీతం ఎక్కువన్నది నిజమే, దాన్ని ఆశించడంలో తప్పూ లేదు. కాని ఆ అంకెను చెప్పేవారు దాని పక్కన రాయవలసిన ఖర్చును రాయరు. మూడేళ్ల ఫీజుకు తోడు, ఆ మూడేళ్లలో వదులుకున్న నర్సు జీతం, వడ్డీతో పెరిగే అప్పు, కుటుంబానికి దక్కని సమయం కూడా ఖర్చే. పైగా 2025లో వచ్చిన ఫెడరల్ చట్టం, పోస్టుగ్రాడ్యుయేట్ విద్యార్థులు ఖర్చు మేరకు అప్పు తెచ్చుకోవడానికి ఉపయోగపడే గ్రాడ్ ప్లస్ రుణాన్ని 2026 జూలై నుంచి కొత్తవారికి ఆపివేస్తూ, వృత్తి విద్యా కోర్సులకు మొత్తం రెండు లక్షల డాలర్లు, మిగతా కోర్సులకు లక్ష డాలర్లు అని ఫెడరల్ రుణానికి హద్దు గీసింది. వృత్తి విద్య అంటే ఏవేవన్న జాబితాపై విద్యాశాఖ సంఘం ప్రతిపాదించిన నిర్వచనంలో వైద్యం, న్యాయశాస్త్రం వంటివి చోటుచేసుకోగా నర్సింగ్‌కు చోటు దక్కలేదు. రోగి ఊపిరిని చేతుల్లో పెట్టుకునే చదువు వృత్తి విద్య కాదనుకునే దృష్టి, అడ్డదారి వాదం పుట్టిన తావులోనే పుట్టింది. నర్సంటే సాయం చేసే మనిషే తప్ప ఆలోచించే మనిషి కాదన్న పాత చిన్నచూపే ఆ తావు.

ఆ చిన్నచూపు తెలుగు సమాజంలో మరింత లోతుగా ఉంది. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న పిల్లలకు ఎంబీబీఎస్ ఒక్కటే గెలుపు, మిగతావన్నీ ఓటమి అన్న లెక్క ఇంటింటా నడుస్తోంది. నర్సింగ్‌లో చేరిన అమ్మాయి గురించి చెప్పుకోవడానికి సంకోచించే కుటుంబమే, ఆమె అమెరికాలో సీఆర్ఎన్ఏ అవుతుందనగానే జీతం అంకెతో ఊరంతా చాటుకుంటుంది. రెండు సందర్భాలలోనూ ఆమె చేసే పనికి మాత్రం విలువ దక్కదు. అడ్డదారి అన్న నమ్మకం కలిగించే అసలు హాని ఇక్కడే ఉంది. జీతం మాత్రమే కనిపించినవారు ఐసీయూలో నేర్చుకోవలసిన కాలాన్ని విసుగుతో గడుపుతారు, చదువు బరువు మీద పడ్డాక కంగారుపడతారు. నిజంగా ఆ పనికి తగిన శ్రద్ధ ఉన్నవారు, అది డాక్టరు కాలేనివారి గతి అన్న మాట విని వెనక్కి తగ్గుతారు.

ఇక్కడి నర్సులు తెలుసుకోవలసిన వాస్తవాలు కొన్ని ఉన్నాయి. భారతదేశంలో మత్తు ఇచ్చే బాధ్యత అనస్థీషియాలో శిక్షణ పొందిన వైద్యులది. అమెరికాలోని సీఆర్ఎన్ఏ పాత్రకు సమానమైనది ఇక్కడ లేదు. ఇక్కడ చదివిన నర్సు మొదట అమెరికా లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ గట్టెక్కాలి. ఆపై ప్రవేశానికి లెక్కకు వచ్చే ఐసీయూ అనుభవం అమెరికాలో గాని, దాని ఆధీన ప్రాంతాలలో గాని, విదేశాలలోని అమెరికా సైనిక ఆసుపత్రులలో గాని సంపాదించినదై ఉండాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో పదేళ్లు ఐసీయూలో పనిచేసినా, ఆ అనుభవం చూపునూ చేతినీ పదును పెడుతుందే గాని దరఖాస్తులో ఆ ఏడాది స్థానాన్ని భర్తీ చేయదు. ఈ సంగతి చెప్పకుండా మూడేళ్లలో లక్షల డాలర్లు అని ఆశపెట్టడం మోసంతో సమానం. నర్సు పరిధిని శిక్షణతో విస్తరించడం మన నేలకు కొత్త కూడా కాదు. స్టాఫ్ నర్సులకు ప్రత్యేక మిడ్‌వైఫరీ శిక్షణ ఇచ్చి కాన్పుల బాధ్యతను అప్పగించే కార్యక్రమాన్ని తెలంగాణ 2017లోనే మొదలుపెట్టింది. బాధ్యతకు తగిన శిక్షణ, శిక్షణకు తగిన గౌరవం అన్న సూత్రం అక్కడా ఇక్కడా ఒక్కటే.

కనుక ఈ చదువును ఎంచుకోదలచినవారు జీతం పట్టికను పక్కన పెట్టి ఒక ప్రశ్న వేసుకోవాలి: స్పృహ లేని మనిషి పక్కన గంటల తరబడి కన్ను మరల్చకుండా నిలబడి, ఒక గీతలోని చిన్న మార్పును పట్టుకోవడమే తమ వృత్తి అయితే అది తమకు సమ్మతమేనా? సమ్మతమైతే ఐసీయూలో మొదటి రోజు నుంచే చదువు మొదలైందని భావించి నేర్చుకోవాలి. సమ్మతం కాకపోతే, ఎంత జీతం వచ్చినా ఈ దారి పట్టకపోవడమే వారికీ రోగులకూ మేలు. తల్లిదండ్రులు కూడా పిల్లలను రాని సీటుతో కాక, చేయబోయే పనితో కొలవడం నేర్చుకోవాలి. శతాబ్దానికి పైగా లక్షలాది రోగులను నిద్రపుచ్చి క్షేమంగా లేపిన వృత్తిని అడ్డదారి అనడం అజ్ఞానం. ఆ అజ్ఞానాన్ని సలహాగా పిల్లలకు పంచడం ఇకనైనా మానాలి.